మత్తుపదార్థాల లెక్కలు – కల్లు లొట్టి

మన దేశంలో మత్తుపదార్థాలు వాడేవారు ఎందరు, వారిలో వైద్యసహాయం కావలసినవారు ఎందరు అన్న ప్రశ్నకు 2019 ఫిబ్రవరిలో వెలువడిన ఒక నివేదిక అంకెలతో సమాధానం చెప్పినది. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వశాఖ కోరగా, అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ చికిత్సాకేంద్రంలోని నిపుణులు డాక్టర్ అతుల్ అంబేకర్ మొదలైనవారు దానిని తయారుచేసినారు. 186 జిల్లాలలో 2,00,111 ఇండ్లకు వెళ్లి 4,73,569 మందిని ప్రశ్నించుట సామాన్యమైన పని కాదు. 10 మొదలు 75 సంవత్సరాల వయస్సు గలవారిలో నూటికి 14.6 మంది, అనగా దాదాపు 16 కోట్లమంది, మద్యం త్రాగుతున్నారని అందులో తేలినది. మద్యానికి పూర్తిగా లొంగిపోయిన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందినదని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరేనని కూడ తేలినది. ఈ రెండు అంకెలను బయటపెట్టినందుకే ఆ నిపుణులకు దేశం ఋణపడి ఉన్నది.

ఇట్టి నివేదికలు బీరువాలలో పడి ఉండేవి కావు. 2020 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వం ‘నషా ముక్త్ భారత్’ ఉద్యమాన్ని ఆరంభించినప్పుడు మొదట ఎంచుకొన్న 272 జిల్లాలను ఈ సర్వే ఫలితాలను ఆధారంగా చేసికొనియే నిర్ణయించినారు. అనగా లెక్కలో ఎక్కినవారి వైపుకే డబ్బు, వైద్యులు, మందులు కదలుతాయి. ఎక్కనివారు ఉన్నచోటనే ఉంటారు. కాబట్టి ఈ నివేదికను ఢిల్లీనుంచి కాక వరంగల్లునుంచి ఒకసారి చదివి చూడవలసిన అవసరం ఉన్నది.

నివేదికలో మత్తుపదార్థాలను కొన్ని తరగతులుగా విభజించినారు. మద్యం ఒక తరగతి, గంజాయి, భంగు కలిసి ఒకటి, నల్లమందు, హెరాయిన్ మొదలైనవి ఒకటి, వైద్యుని సలహా లేకుండా వాడే నిద్రమాత్రలు, మత్తుమాత్రలు మరొకటి, ఇట్లా. మనుషులను ప్రశ్నించుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి ‘అసిస్ట్’ అనే ప్రశ్నావళి పద్ధతిని ఆధారం చేసికొన్నారు. ఇది పరాయి దేశపు సరుకని తోసిపుచ్చుటకు వీలులేదు. దానిని పరీక్షించి చూసిన తొలి దేశాలలో మన దేశం కూడ ఉన్నది. దాని మొదటి ప్రశ్న చాల సూటి అయినది: మీ జీవితంలో ఈ క్రింది పదార్థాలలో వేటిని ఎప్పుడైనా వాడినారు? తరువాతి ప్రశ్నలన్నీ ఆ సమాధానం మీద నిలుస్తాయి. ‘లేదు’ అన్న పదార్థాన్ని గూర్చి మళ్లీ అడగరు.

ఇప్పుడు ఈ ప్రశ్నను పట్టుకొని కల్లు త్రాగే ఒక ముసలమ్మ దగ్గరకు వెళ్లినామనుకొందాం. ఆమె నలభై ఏండ్లుగా ప్రొద్దుమూకిన తరువాత రెండు సీసాలు త్రాగుతున్నది. కల్లు త్రాగుతావా అవ్వా అంటే దాపరికం లేకుండా త్రాగుతానంటుంది. నిద్రమాత్రలు వాడుతావా అంటే, నా జన్మలో మాత్ర మింగి ఎరుగనని అంటుంది. రెండు సమాధానాలూ సత్యమే. ఆమె త్రాగే సీసాలో అల్ప్రజోలం ఉంటే ఆ సంగతి ఆమెకు తెలియదు. ప్రశ్నించినవానికీ తెలియదు. పట్టికలో మద్యం గడిలో ఒక గుర్తు పడుతుంది. మత్తుమాత్రల గడి ఖాళీగా ఉంటుంది.

ఇది ఊహాలోకపు చిక్కు కాదు. నివేదిక ప్రకారం మత్తుమాత్రలు వాడేవారు దేశజనాభాలో నూటికి 1.08, అనగా సుమారు 1.18 కోట్లు. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న ఐదు రాష్ట్రాలు ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, పంజాబు, ఆంధ్రప్రదేశ్, గుజరాతు. తెలంగాణ పేరు ఆ వరుసలో లేదు. అల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేటు కలిపిన కల్లు ఏండ్ల తరబడి అమ్ముడుపోయిన రాష్ట్రం, ఆ మందుల మూటలను ఆబ్కారీశాఖవారు మాటిమాటికి పట్టుకొన్న రాష్ట్రం ఆ వరుసలో లేకపోవుట చూచి, ఇక్కడ ఆ బాధ లేదనుకోవలెనా, అడిగిన ప్రశ్న దానిని పట్టుకొనలేదనుకోవలెనా?

ఇక్కడ కల్లును గూర్చి కొంచెం చెప్పుకోవాలి. తాటిగెలనుంచిగాని ఈతచెట్టు కోతనుంచిగాని కారే నీరాలో నూటికి పది పాళ్లకు పైగా చక్కెర ఉంటుంది. లొట్టికి లోపల సున్నం పూయకపోతే, గాలిలోను లొట్టిలోను ఉన్న ఈస్టు, బాక్టీరియాలు వెంటనే పనికి పూనుకొంటాయి. చక్కెర విరిగి బొగ్గుపులుసు గాలిగాను, ఆల్కహాలుగాను మారుతుంది. బరువులో చూస్తే చక్కెరలో దాదాపు సగం మాత్రమే ఆల్కహాలు కాగలదు. కాబట్టి ఎంత పులిసినా చెట్టుకల్లులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లను మించి సాధారణంగా ఉండదు. మరునాటికి అది పుల్లని కాడి అయిపోతుంది. ప్రొద్దున దించినది సాయంకాలానికి చెల్లిపోవలసిన సరుకు ఇది.

చెట్టుకు కాలం ఉన్నది. ఈతచెట్టు చలికాలంలోను, తాటిచెట్టు మాఘం మొదలు ఎండాకాలమంతాను కల్లునిస్తాయి. వానకాలంలో రెండూ పలుచబడతాయి. త్రాగేవాని నోటికి మాత్రం కాలభేదం లేదు. వరంగల్లు చుట్టుప్రక్కల తాళ్లు సమృద్ధిగా ఉన్నవి. మండువలో, త్రాగేవాని కండ్ల ఎదుటనే గౌడన్న మోకు, ముస్తాదు కట్టి ఎక్కి దించిన లొట్టిలో మోసానికి చోటు తక్కువ. చెట్టుకు, సీసాకు నడుమ దూరం పెరిగినకొద్దీ చోటు పెరుగుతుంది. నిజామాబాదు, మహబూబ్‌నగర్, హైదరాబాదు వంటి చోట్ల దుకాణాలలోను డిపోలలోను అమ్ముడుపోయే సీసాలకు సరిపడ చెట్లు దగ్గరలో ఎక్కడ ఉన్నవని ఎవరైనా లెక్కవేస్తే, మిగిలినదంతా నీరే అని తేలుతుంది.

ఒక లొట్టి కల్లును నాలుగు లొట్లుగా చేస్తే ఆల్కహాలు నూటికి ఒక పాలుకు దిగిపోతుంది. అప్పుడు 650 మిల్లీలీటర్ల సీసాలో ఆల్కహాలు బరువు సుమారు ఐదు గ్రాములు. ఏండ్లుగా త్రాగినవానికి దానివలన కన్ను కూడ బరువెక్కదు. తీపికి సాకరీన్ ఉన్నది, నురుగుకు వేరే ఉపాయాలున్నవి, మత్తుకు? ఆ లోటును పూడ్చుటకే అల్ప్రజోలం వచ్చినది. అది 1981లో అమెరికాలో ఆందోళనకు ఔషధంగా ఆమోదం పొందిన మందు. మందుల దుకాణంలో దాని మాత్ర పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము. అనగా ఒక్క గ్రాము పొడి నాలుగువేల పావు మాత్రలకు సమానం. ఇంతటి తేలిక సరుకు ఎంత దూరమైనా దాచి తీసికొనిపోవచ్చును. పైగా అది నీటిలో సరిగా కరగదు. తొట్టిలో కలియబెట్టిన చేయి ఒకనాడు బద్ధకిస్తే పై సీసాలలో తక్కువ, అడుగు సీసాలలో ఎక్కువ. త్రాగేవాడు ప్రతిరోజూ రెండే సీసాలు త్రాగుతున్నాననుకొంటాడు. వాని మెదడుకు అందుతున్న మోతాదు మాత్రం రోజుకొక విధం.

మెదడులో నరకణాల ఉద్రేకాన్ని అణచే ఒక సహజపదార్థం ఉన్నది. దాని పొడుగాటి పేరును కుదించి ‘గాబా’ అంటారు. ఆల్కహాలు, బెంజోడయాజెపీన్ జాతికి చెందిన అల్ప్రజోలం, డయజెపాం, ఆ జాతికి చెందని క్లోరల్ హైడ్రేటు – ఇవి మూడు దారులలో వచ్చి కూడ ఒకే తలుపు దగ్గర, గాబా గ్రాహకం దగ్గర, పనిచేస్తాయి. బయటినుంచి అణచివేత రోజూ వస్తుంటే మెదడు తన సొంత అణచివేతను తగ్గించుకొని, ఉద్రేకాన్ని పెంచుకొని సమతూకం చేసికొంటుంది. ఒకనాడు బయటి సరఫరా ఆగిపోతే అణచేది లేదు, ఉద్రేకం మిగిలిపోతుంది. చేతులు వణకుతాయి, నిద్ర పట్టదు, లేని మనుషులు కనబడతారు, మూర్ఛలు వస్తాయి. ఊరివారు ‘పిచ్చి లేచింది’ అంటారు. అది పిచ్చి కాదు. ప్రాణం తీయగల శరీరవ్యాధి.

ఇది ఒక ఇంటిలో జరిగితే గాలి సోకినదనుకొంటారు. ఒక జిల్లాలో ఒకేసారి జరిగితే ఏమవుతుందో 2015 సెప్టెంబరులో తెలిసినది. ప్రభుత్వం కల్తీకల్లుపై గట్టి చర్య తీసికొన్నది. నిజామాబాదు, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు వణకుతున్నవారిని, కేకలు పెడుతున్నవారిని త్రాళ్లతో కట్టి తీసికొనివచ్చినారు. మరణాలు కూడ పత్రికలకెక్కినవి. 2020 మార్చిలో కరోనా కారణంగా దుకాణాలన్నీ మూసివేయగానే ఎర్రగడ్డ మనోవైద్యశాలకు అట్టివారు మళ్లీ బారులు తీరినారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కథ తలక్రిందులైనది: ఈసారి కల్లు దొరకక కాదు, దొరికిన కల్లు త్రాగి పలువురు మరణించినారు. కల్తీని పట్టుకొనుట తప్పని ఎవ్వరూ అనరు. దుకాణానికి తాళం వేసే ఉత్తరువు వెళ్లిన రోజుననే జిల్లా ఆసుపత్రికి డయజెపాం వెళ్లవలెనన్న చిన్న సంగతి నిపుణుల మార్గదర్శకత్వంలో ఎక్కడ ఉండవలెనో అక్కడ లేకపోయినది. ఆబ్కారీవారు పోలీసు దృష్టితో చూసినారు, వైద్యులు రోగి వచ్చిన తరువాత చూసినారు. నడుమ నిలబడి, ఫలానా ఊళ్లలో ఇన్నివేలమంది ఈ మందుకు లొంగి ఉన్నారు అని ముందుగా చెప్పగల లెక్క ఎవరి చేతిలోను లేదు. జాతీయ సర్వే ఆ లెక్క ఇయ్యవలసి ఉండెను.

చికిత్స సంగతికి వస్తే, తెలంగాణలోని మనోవైద్యులకు ఇదంతా తెలియనిది కాదు. కల్లు త్రాగేవాడని వినగానే మత్తుమందు కూడ ఉన్నదని అనుమానించుట వారికి అనుభవంవల్ల అబ్బిన విద్య. వరంగల్లులో 1959లో కాకతీయ వైద్యకళాశాల ఏర్పడినది. దానికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల, జనం నోట ఎం.జి.ఎం., చుట్టుప్రక్కల జిల్లాల పల్లెలకు పెద్దదిక్కు. బాధ ఆ స్థాయిలో లేదు, దాని క్రింద ఉన్నది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో క్రొత్తగా చేరిన యువవైద్యుడు రోగి కాగితంమీద ‘మద్యం’ అని వ్రాసుకొంటే, మద్యానికి తగిన కాలపట్టికనే అనుసరిస్తాడు. మద్యం మానినవానికి మూర్ఛలు సాధారణంగా మొదటి రెండు రోజులలో వస్తాయి, సన్నిపాతం వంటి భ్రాంతి మూడు నాలుగు రోజులలో. వారం పదిరోజులలో మందు తగ్గించి ఇంటికి పంపవచ్చును. అల్ప్రజోలం తొందరగా శరీరాన్ని వదలే మందు కనుక అదీ ఒకటి రెండు రోజులలోనే తిరగబడుతుంది. డయజెపాం అట్లా కాదు. అది, దానినుంచి పుట్టే మరొక పదార్థం రోజుల తరబడి రక్తంలో నిలుస్తాయి. మానిన వారం తరువాత కూడ మూర్ఛ రావచ్చును. అప్పటికి రోగి ఇంటివద్ద ఉంటాడు. బెంజోడయాజెపీన్‌లకు లొంగినవానికి మోతాదును వారాల తరబడి, కొందరికి నెలల తరబడి, మెట్టుమెట్టుగా దించవలసి ఉంటుంది. ఒక్క పదం తప్పుగా వ్రాసినందువలన చికిత్స కాలం నాలుగోవంతుకు కుదించుకొనిపోతున్నది.

మూత్రపరీక్ష చేస్తే తెలియదా అని అడగవచ్చును. బెంజోడయాజెపీన్ పట్టీ చవకయినది, ఉపయోగకరమైనది. కాని క్లోరల్ హైడ్రేటు ఆ పట్టీమీద కనబడదు. పట్టీ ‘లేదు’ అన్నంతమాత్రాన లొట్టి శుద్ధమని అర్థం కాదు.

స్త్రీల విషయం మరింత విచారకరమైనది. 2004లో ప్రచురించిన మొదటి జాతీయ సర్వేలో ఇండ్లకు వెళ్లి పురుషులనే ప్రశ్నించినారు. 2019 నివేదికలో స్త్రీలను కూడ అడిగినారు, అది మెచ్చదగిన మార్పు. దేశం మొత్తంమీద త్రాగే పురుషులు నూటికి 27.3, స్త్రీలు నూటికి 1.6 అని తేలినది. ఈ రెండవ అంకె చూచిన ఏ నిపుణుడైనా స్త్రీల కొరకు వేరే ఏర్పాటు అక్కరలేదనుకొంటాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడతలో తెలంగాణ స్త్రీలలో మద్యం త్రాగేవారు నూటికి 6.7 అని, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 0.5 అని ఉన్నది. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల నడుమ పదమూడు రెట్ల భేదం. పొలంపని చేసి వచ్చిన ఆడది కల్లు త్రాగుట తెలంగాణ పల్లెలో రహస్యం కాదు. అటువంటప్పుడు వ్యసనవిముక్తి ప్రచారచిత్రాలలో స్త్రీ ఎప్పుడూ ఒకే వేషంలో ఎందుకు కనబడుతున్నది? త్రాగివచ్చిన మగని ఎదుట బిడ్డను హత్తుకొని ఏడ్చే భార్యగా. మూర్ఛతో పడిపోయిన కూలిమనిషిగా ఆమెను ఎవరూ గీయలేదు. ఆ గోడచిత్రం చూచిన ముసలమ్మ, ఇది నా సంగతి కాదని నడిచిపోతుంది.

ప్రచారాన్ని గూర్చి ఇంకొక మాట. మన వాడుకలో ‘వ్యసనం’ అనే మాట సప్తవ్యసనాలనుంచి వచ్చినది. ఆ వరుసలో జూదం, వేట, పరుషభాషణం సరసన పానం కూర్చుని ఉన్నది. అది రాజులకు చెప్పిన నీతి, రోగులకు చెప్పిన వైద్యం కాదు. 1964లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులసంఘం ‘వ్యసనం’, ‘అలవాటు’ అనే పాత విభజనను వదలి ‘పరాధీనత’ అనే మాటను సూచించినది. ఆరు దశాబ్దాలు గడచినవి. కళాశాలల ఆవరణలలో ఇప్పటికీ చెయ్యిచాపి ప్రతిజ్ఞ చేయించే పద్ధతియే సాగుతున్నది. తెలియకుండ మందుకు లొంగినవానిచేత ఏమని ప్రతిజ్ఞ చేయిస్తారు? ఆ ప్రతిజ్ఞను విని నిజంగానే మరునాటినుంచి ఒక్కసారిగా కల్లు మానివేసిన మనిషికి మూర్ఛ వస్తే ఆ ప్రచారం మేలు చేసినట్లా? ‘మానండి’ అనే మాట ప్రక్కనే ‘ఒక్కసారిగా మానవద్దు, ముందు వైద్యుని చూడండి’ అని వ్రాయుటకు అదనపు సొమ్ము అక్కరలేదు. ఒక కరపత్రంలో మూడు అంగుళాల జాగా చాలు.

నిపుణులు ప్రజల దగ్గరకు వెళ్లి మంచి పని చేసిన ఉదాహరణలు మన దగ్గర లేకపోలేదు. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టి.టి. రంగనాథన్ చికిత్సాసంస్థవారు 1989లో తంజావూరు ప్రాంతపు మంజక్కుడి గ్రామంలో ఊరిలోనే మకాంవేసి చికిత్సాశిబిరం నడిపినారు. రోగిని నగరానికి రప్పించుటకు బదులు చికిత్సను ఊరికి తీసికొనిపోయినారు. గోవాలో డాక్టర్ విక్రం పటేల్, డాక్టర్ అభిజిత్ నద్కర్ణి మొదలైనవారు వైద్యవిద్య లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి, పది ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలలో త్రాగుబోతులతో మాట్లాడించినారు. 2017లో ప్రచురించిన ఫలితాలలో, మాటసాయం అందినవారిలో నూటికి 36 మంది, అందనివారిలో నూటికి 26 మంది మూడు నెలలకు మెరుగుపడినట్లు తేలినది. దీనిని చూచి వరంగల్లులో కూడ ఆశాకార్యకర్తలచేత ఇదే పని చేయించవచ్చునని తొందరపడరాదు. గోవా పరీక్షలో తీసికొన్నవారంతా పురుషులు, త్రాగుడువల్ల హాని పొందుతున్నవారు. పూర్తిగా పరాధీనులైనవారిని అందులో చేర్చలేదు. మత్తుమందుకు లొంగిన మెదడుకు మాటసాయం తరువాతి మెట్టు. మొదటి మెట్టు మోతాదు. ఏ మెట్టుపై ఎవరున్నారో తెలుసుకొనుటకే మళ్లీ ఆ మొదటి ప్రశ్న అడ్డువస్తున్నది.

దేశమంతటికి ఒకే ప్రశ్నాపత్రం ఉండకపోతే రాష్ట్రాలను పోల్చుట ఎట్లా అని సర్వే చేసినవారు అనవచ్చును. అది న్యాయమైన వాదనయే. పోలికకు ఉమ్మడి ప్రశ్నలు ఉండవలసినదే. కాని ఉమ్మడి ప్రశ్నల చివర ప్రాంతానికి తగిన నాలుగు ప్రశ్నలు చేర్చుటవలన పోలిక చెడదు. నీవు త్రాగే కల్లు చెట్టుదగ్గరదా, దుకాణపు సీసాదా? ఒక రోజు దొరకకపోతే ఏమవుతుంది? చెట్టుకల్లు త్రాగితే ఆ బాధ తీరుతుందా, లేక ఆ దుకాణపు కల్లే కావలెనా? ఈ మూడవ ప్రశ్న విలువ రసాయనశాస్త్రజ్ఞునికి వెంటనే తెలుస్తుంది. ఆల్కహాలుకు లొంగినవానికి ఏ కల్లయినా ఒకటే. ఫలానా దుకాణపుదే కావలెనన్నవాడు తనకు తెలియకుండనే తన రోగనిర్ణయం చెప్పుతున్నాడు. నాల్గవది ప్రశ్న కాదు, ఒక చిన్న సీసా: త్రాగేవాని అనుమతితో అతని కల్లు నమూనా. నెదర్లాండ్సులో 1992నుంచి ఇట్టి ఏర్పాటు నడుస్తున్నది. వాడేవారు తెచ్చిన మత్తుపదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించి, ప్రమాదకరమైనది కనబడితే వెంటనే ప్రజలను హెచ్చరిస్తారు. మన ఆబ్కారీ ప్రయోగశాలలు కూడ కల్లు నమూనాలను పరీక్షిస్తూనే ఉన్నవి. ఆ ఫలితం ప్రధానంగా నేరాన్ని రుజువు చేయుటకు ఉద్దేశించినది. అదే కాగితం నకలు ఒకటి ఆ రోజుననే జిల్లా ఆసుపత్రి మనోవైద్యునికి చేరితే, రాబోయే వారంలో తన వార్డుకు ఎట్టి రోగులు వస్తారో అతనికి తెలుస్తుంది.

పరీక్షలు అంత దుర్లభమైనవి కూడ కావు. క్లోరల్ హైడ్రేటును పట్టుకొనుటకు ఫుజివారా అనే జపాను శాస్త్రజ్ఞుడు 1916లో చెప్పిన పరీక్ష ఉన్నది. నమూనాకు పిరిడీన్, క్షారం చేర్చి వేడిచేస్తే ఎఱ్ఱని రంగు వస్తుంది. పిరిడీన్ కంపు భరించలేనిది, గాలి పీల్చివేసే అర ఉంటేనే చేయవలె. అల్ప్రజోలానికి పలుచని పొరమీద చేసే క్రోమటోగ్రఫీ మొదటి అంచనాకు సరిపోతుంది. ఖచ్చితమైన నిర్ణయానికి పెద్ద యంత్రాలు కావలసినదే. వరంగల్లులో వైద్యకళాశాల ఉన్నది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్నది, జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. మూడింటి నడుమ దూరం కొద్ది మైళ్లు. కల్లు సీసా మాత్రం రోగి వెంట ఎం.జి.ఎం. గేటుదాకా వచ్చి, అక్కడి కాపలావాని చేతిలో కాలువపాలవుతుంది. దానిని పారవేయక ఎవరికి ఇయ్యవలెనో వ్రాసిన ఒక కాగితం ఆ గేటుదగ్గర అంటించుటతో పని మొదలుపెట్టవచ్చును.